బలహీనతల గడిలో మన పేరు
(చూపు మీద హక్కు – 6వ భాగం)



పోయిన భాగం చదివి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, కంటి ఆస్పత్రుల గురించి ఇన్ని రాస్తున్నావు, నువ్వు చదివిన కాలేజీ గురించి ఎందుకు రాయవు?" అని. నిజం చెప్పాలంటే మొహమాటం. ఆ కాలేజీ నేర్పిన పనితోనే ఇవాళ నా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. కానీ పోయిన నెల పూర్వ విద్యార్థిగా నన్నొక మీటింగుకి పిలిచారు. అక్కడ చూసిన కాగితంతో మొహమాటం పోయింది.

కాలేజీ పేరు మాత్రం రాయను. ఇప్పుడు చదువుతున్న పిల్లల ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతిలో ఉన్నాయి. పేరు లేకపోయినా, ఇది చదివేవాళ్లలో చాలామంది "ఇది మా కాలేజీ కథే" అనుకుంటారని నాకు తెలుసు.

మీటింగ్ కాలేజీలో పెట్టలేదు, ఒక పెద్ద హోటల్లో పెట్టారు. తెర మీద "విజన్ 2030" అని రాసి ఉంది. వచ్చే ఐదేళ్ల స్ట్రాటజిక్ ప్లాన్, విభాగాల పునర్వ్యవస్థీకరణ. కన్సల్టెంట్ ఒకాయన నాలుగు గడుల పటం చూపించాడు. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు. మేనేజ్‌మెంట్ చదివే పిల్లలకు ఇది తెలిసిందే, స్వాట్ అంటారు. బలాల గడిలో పరికరాలు, భవనం, విదేశాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు. బలహీనతల గడిలో మొదటి లైను: గ్రామీణ, తెలుగు మీడియం నేపథ్యం నుంచి వస్తున్న బలహీనమైన ఇన్‌టేక్. రెండో లైను: ఫీజు రీయింబర్స్‌మెంట్ విద్యార్థుల మీద అతిగా ఆధారపడటం.

నేను పదో తరగతి దాకా మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. ఇంటర్ సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆప్టోమెట్రీ మొత్తం రీయింబర్స్‌మెంట్ మీద. అంటే ఆ గడిలో మొదటి లైనులో ఉన్నదీ నేనే, రెండో లైనులో ఉన్నదీ నేనే. అతిథిగా పిలిచి, శాలువా కప్పి, తెర మీద నన్నే లోపంగా చూపించారు. ఆ చూపించినాయనకు ఆ సంగతి కూడా తెలియదు.

ఆ పుస్తకమంతా తిరగేశాను. కులం అనే మాట ఒక్కచోట లేదు. ఎస్సీ లేదు, ఎస్టీ లేదు, బీసీ లేదు. "ఇన్‌టేక్ క్వాలిటీ" ఉంది. "కమ్యూనికేషన్ గ్యాప్" ఉంది. "ఫీజు రిస్క్" ఉంది. మరి మన రాష్ట్రంలో తెలుగు మీడియంలో చదివి, హాస్టల్లో ఉండి, రీయింబర్స్‌మెంట్ మీద పారామెడికల్ కోర్సుల్లో చేరే పిల్లలు ఎవరు? ఏ వాడల నుంచి వస్తారు, ఏ తండాల నుంచి వస్తారు? కులం పేరు ఎత్తకుండా కులాన్ని బయటికి పంపే భాష ఇది. దీన్ని చదవడం మనం నేర్చుకోకపోతే, మన సీటు ఎప్పుడు పోయిందో కూడా మనకు తెలియదు.

ప్లాన్‌లో ఉన్నదేమిటో చెప్తాను.

ఒకటి. ఇప్పుడున్న విభాగాలను కలిపి మూడు "ఎక్సలెన్స్ సెంటర్లు" చేస్తారు. పిల్లల్లో పెరుగుతున్న దూరదృష్టి లోపానికి ఒకటి, స్పెషాలిటీ కాంటాక్ట్ లెన్సులకు ఒకటి, కళ్లు పొడిబారే జబ్బుకు ఒకటి. కమ్యూనిటీ ఆప్టోమెట్రీ, లో విజన్ విభాగాలు రెండూ రద్దు. వాటి స్థానంలో "ఔట్‌రీచ్ సెల్". ఆ సెల్ ఎవరి కింద ఉంటుందో తెలుసా? ప్రచార విభాగం కింద. ఊళ్లకు పోయి కళ్లు చూడటం ఇక చదువు కాదు, ఫొటోలు దిగే కార్యక్రమం.

రెండు. చేరేటప్పుడు కాలేజీ సొంత పరీక్ష, ఇంగ్లీషులో ఇంటర్వ్యూ.

మూడు. తెలుగు మీడియం పిల్లలకు మొదటి సెమిస్టర్లో నడిచే బ్రిడ్జి క్లాసులు తీసేస్తారు. బదులుగా వీడియోలు ఇస్తారు, ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

నాలుగు. రెండు ట్రాకులు. ఎక్కువ ఫీజు కట్టేవాళ్లకు "గ్లోబల్ ట్రాక్", మిగిలినవాళ్లకు "రెగ్యులర్ ట్రాక్". ఇంటర్న్‌షిప్‌లో ఎక్సలెన్స్ సెంటర్లలో పోస్టింగ్ గ్లోబల్ వాళ్లకు. క్యాంపులు, ఔట్‌రీచ్ రెగ్యులర్ వాళ్లకు.

ఐదు. ఇవన్నీ కుదిరాక కాలేజీని యాజమాన్యం పెట్టబోయే ప్రైవేటు యూనివర్సిటీలో కలిపేస్తారు.

ఈ ప్లాన్ తయారుచేసిన కమిటీలో యాజమాన్యం ఉంది, కన్సల్టెంట్ ఉన్నాడు, కళ్లజోళ్ల వ్యాపార సంస్థ ప్రతినిధి ఉన్నాడు, విదేశాల్లో ఉన్న ఇద్దరు సీనియర్లు ఉన్నారు. ఇప్పుడు చదువుతున్న విద్యార్థి ఒక్కరూ లేరు. హాల్లో మాత్రం విద్యార్థులు ఉన్నారు. వాలంటీర్ బ్యాడ్జీ పెట్టుకుని ఫైళ్లు పంచుతూ, నీళ్ల బాటిళ్లు అందిస్తూ ఉన్నారు.

వేరే కోర్సులు చదివే మిత్రుల కోసం ఆప్టోమెట్రీ పని ఎట్లా ఉంటుందో రెండు మాటలు చెప్పాలి. అది తెలియకపోతే ఈ పునర్వ్యవస్థీకరణ వెనక ఏముందో అర్థం కాదు.

ఆరు మీటర్ల దూరంలో అక్షరాల చార్టు పెట్టి చదివించడం అందరికీ తెలుసు. అక్షరాలు రాని వాళ్లకు ఇంగ్లీషు "ఈ" అక్షరాన్ని నాలుగు దిక్కులకు తిప్పి రాసిన చార్టు ఉంటుంది. కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. తర్వాత చీకటి గదిలో రెటినోస్కోప్‌తో కంట్లోకి వెలుతురు వేసి, లోపలి నుంచి వచ్చే ఎర్రటి కాంతి ఎటు కదులుతోందో చూసి పవర్ లెక్కకడతాం. దాదాపు మూరన్నర, మామూలుగా 66 సెంటీమీటర్ల దూరం. ఇక చేతిలో పట్టుకునే ఆఫ్తాల్మోస్కోప్‌తో కంటి నరం చూడాలంటే నా కుడి కన్ను మీ కుడి కంటికి దాదాపు ఆనాలి. మీ శ్వాస నాకు తగులుతుంది, నా శ్వాస మీకు తగులుతుంది. ట్రయల్ ఫ్రేమ్ పెట్టాలంటే ముక్కు, చెవులు పట్టుకోవాలి. రెప్ప తిప్పి చూడాలి.

అంటే ఇది ముట్టుకోకుండా చేయలేని పని. అంటరానితనం పునాది మీద నిలబడ్డ ఊళ్లో, మాదిగ పిల్లవాడు పటేలు మొహానికి నాలుగు వేళ్ల దూరంలో తన మొహం పెట్టి పావుగంట కూర్చునే పని.

మూడో సంవత్సరంలో ఒక క్యాంపులో జరిగింది. ఒక పెద్దాయనకు ట్రయల్ ఫ్రేమ్ పెట్టి అద్దాలు మారుస్తున్నాను. "ఎవరోళ్ల పిలగానివి బిడ్డా?" అన్నాడు. ఊరు చెప్పాను. "ఊరు కాదు, ఎవరోళ్లు?" అన్నాడు. చెప్పాను. ఫ్రేమ్ తనే తీసి బల్ల మీద పెట్టాడు. "పెద్ద సారును రానీ" అన్నాడు. మా సూపర్‌వైజర్ వచ్చి, ఒక్క మాట అనకుండా, అదే ఫ్రేమ్ గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాడు. ఆ తుడవడం నేను మర్చిపోలేదు. రోగి మారితే ఫ్రేమ్ తుడవాలి, అది రూలే. ఆరోజు రోగి మారలేదు.

ఇది రాసింది సానుభూతి కోసం కాదు. ఆ క్యాంపుల్ని నేను కూడా అసహ్యించుకున్నానని ఒప్పుకోవడానికి. మా బ్యాచ్‌లో మంచి ఇంగ్లీషు వచ్చిన పిల్లలు కాంటాక్ట్ లెన్స్ క్లినిక్‌లో ఏసీలో కూర్చుంటే, మమ్మల్ని పొద్దున్నే వ్యాన్ ఎక్కించేవాళ్లు. కమ్యూనిటీ విభాగం అంటే కాలేజీలో వాడ. కాలేజీ కూడా ఒక ఊరులాగే కట్టుకుంది. మధ్యలో స్పెషాలిటీ, అంచున కమ్యూనిటీ. కాబట్టి "ఆ విభాగం పోతే పోనీ, మనకూ స్పెషాలిటీ నేర్పమని అడుగుదాం" అని కొందరు తమ్ముళ్లు అంటే వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది.

కానీ ఇక్కడే ఆగి ఆలోచించండి. వాళ్లు విభాగాన్ని రద్దు చేస్తున్నారు గానీ ఆ పనిని రద్దు చేయడం లేదు. క్యాంపులు ఉంటాయి. వ్యాన్ ఉంటుంది. వ్యాన్‌లో మనమే ఉంటాం. ప్రొఫెసర్ ఉండడు, పరిశోధన ఉండదు, బడ్జెట్ ఉండదు, లాగ్ బుక్‌లో గుర్తింపు ఉండదు. ఇప్పటిదాకా అంచునైనా విభాగం అని ఒకటుంది. రేపటి నుంచి అది వెట్టి అవుతుంది.

మా అమ్మ గురించి ఇంతకుముందు భాగాల్లో రాశాను. ఆమె మిర్చి తొడిమెలు తీసే పనికి పోయేది. కిలోల లెక్కన కూలి. నలభై దాటాక చేతులు నెమ్మదించాయి. "వయసైంది, పనికి రాదు" అని మేస్త్రి వెనక వరసలో కూర్చోబెట్టేవాడు. అమ్మ చేతులకు ఏమీ కాలేదు. దగ్గరి చూపు తగ్గింది. నలభై దాటిన దాదాపు ప్రతి మనిషికీ వచ్చేదే. నేను రెండో సంవత్సరంలో ఉండగా ఒకటిన్నర పవర్ అద్దాలు తెచ్చి పెట్టాను. వారం తిరిగేసరికి అమ్మ ముందు వరసలోకి వచ్చింది.

అప్పట్లో ఇది మా ఇంటి ముచ్చట అనుకున్నాను. తర్వాత 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అస్సాం తేయాకు తోటల్లో ఆకు కోసే, నలభై దాటిన కార్మికులకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూశారు. అద్దాలు అందని వాళ్లతో పోలిస్తే వాళ్ల ఉత్పాదకత 21.7 శాతం ఎక్కువ పెరిగింది. ఆ తోటల్లో ఆకు కోసేవాళ్లలో ఎక్కువమంది ఎవరు? బ్రిటిష్ కాలంలో తరలించి తెచ్చిన ఆదివాసుల వారసులు. ఒక జత అద్దాలు ఒక కూలి మనిషి బతుకులో చేసే పని అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన చూపు నివేదిక ప్రకారం, కేవలం ఈ దగ్గరి చూపు అద్దాలు లేక ఇబ్బంది పడుతున్నవాళ్లు ప్రపంచంలో 82.6 కోట్ల మంది. ఇది వాళ్ల "ఎక్సలెన్స్" జాబితాలో లేదు. మా అమ్మ కన్ను అందులో లేదు.

మన దేశం లెక్క కూడా చూడండి. 2015-19 మధ్య కేంద్రం చేయించిన జాతీయ అంధత్వ సర్వేలో, యాభై దాటినవాళ్లలో అంధత్వం 1.99 శాతం అని తేలింది. అదే సర్వేలో చదువు లేనివాళ్లలో అది 3.23 శాతం, పదో తరగతి, ఆపైన చదివినవాళ్లలో 0.43 శాతం. ఏడు రెట్ల పైన తేడా. వాళ్ల కన్ను ఒక రకంగా, వీళ్ల కన్ను ఒక రకంగా దేవుడు చేయలేదు. శుక్లం ఇద్దరికీ వస్తుంది. ఒకరికి ఆపరేషన్ అవుతుంది, ఒకరికి అవదు. ఈ దేశంలో తరతరాలుగా చదువు లేకుండా ఉంచబడింది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. అక్షరం ఇవ్వనివాడే చూపు కూడా ఇవ్వలేదు.

వాళ్ల ప్లాన్ పేరు "విజన్ 2030" కదా. ఈ "విజన్" అనే మాట చరిత్ర మనకు తెలియాలి. 1999లో రెండు "విజన్ 2020"లు వచ్చాయి. ఒకటి హైదరాబాద్‌లో. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సీ అనే కన్సల్టెన్సీ సాయంతో తయారుచేయించిన పత్రం. రెండోది జెనీవాలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ అంధత్వ నివారణ సంస్థ కలిసి మొదలుపెట్టిన ఉద్యమం. దాని పూర్తి పేరులో ఒక మాట ఉంది: చూపు హక్కు. ఒకే ఏడాది, ఒకే పేరు. ఒకటి రాష్ట్రాన్ని పెట్టుబడి కోసం ఎట్లా సర్దాలో చెప్పింది. ఇంకొకటి నివారించగల గుడ్డితనం ఒక్క మనిషికీ ఉండకూడదంది. కళ్ల చదువు చెప్పే కాలేజీ ఈ రెండింటిలో దేన్ని వారసత్వంగా తీసుకోవాలి? మావాళ్లు హైదరాబాద్ దాన్ని తీసుకున్నారు. కన్సల్టెంట్‌తో సహా.

ఇంకా వెనక్కి పోదాం. దేశంలో మొదటి ఆప్టోమెట్రీ స్కూళ్లు 1958లో, రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో పెట్టారు. ఒకటి అలీగఢ్‌లో గాంధీ కంటి ఆస్పత్రిలో, రెండోది మన హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆస్పత్రిలో. అంటే ఈ చదువు మన గడ్డ మీద పుట్టింది సర్కారు దవాఖానలో, ప్రణాళిక డబ్బుతో. అది కూడా స్ట్రాటజిక్ ప్లానే. కాకపోతే ఆ ప్లాన్‌లో జనం ముప్పు కాదు, జనం కోసమే ప్లాన్.

మొన్నటి కంటి వెలుగు సంగతి తీసుకోండి. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది. 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత మొదలైంది, 1,500 బృందాలు, 100 రోజుల లక్ష్యం. ప్రతి బృందంలో డాక్టరుతో పాటు ఆప్టోమెట్రిస్టు ఉండాలి. అప్పుడు ఎవరు పోయారు ఊళ్లకు? నాకు తెలిసినంతలో మా రెగ్యులర్ పిల్లలే పోయారు. కాంట్రాక్టు మీద, ఎండలో, స్కూలు వరండాల్లో కూర్చుని చూశారు. ముసలవ్వలతో మన భాషలో మాట్లాడి, "కండ్లు మసకలు ఎప్పటి నుంచి అవ్వా?" అని అడిగి పవర్ రాసింది వాళ్లే. ఆ "కమ్యూనికేషన్ గ్యాప్" ఉన్న పిల్లలే. రోగి భాష వచ్చిన విద్యార్థిలో కమ్యూనికేషన్ లోపం ఉందంటే, ఆ కొలత ఎవరి చెవితో కొలిచారు?

ఇప్పుడు ఐదో అంశానికి వద్దాం. నా దృష్టిలో అసలు గుట్టు అక్కడే ఉంది. ప్రైవేటు యూనివర్సిటీ.

2005లో ఇనాందార్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు కాలేజీల మీద రాష్ట్రాలు రిజర్వేషన్ రుద్దకూడదంది. దానికి జవాబుగా పార్లమెంటు 93వ రాజ్యాంగ సవరణ తెచ్చింది. 2006 జనవరి నుంచి 15(5) అధికరణ అమల్లోకి వచ్చింది. మైనారిటీ సంస్థలు మినహా ప్రైవేటు విద్యాసంస్థల్లో కూడా ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన వర్గాలకు చట్టం ద్వారా సీట్లు ఇవ్వొచ్చు. 2014లో ప్రమతి కేసులో రాజ్యాంగ ధర్మాసనం అది చెల్లుతుందని చెప్పింది. మరి చట్టం ఏది? కేంద్ర విద్యాసంస్థలకు 2006లో చట్టం చేశారు. ప్రైవేటు ఉన్నత విద్యకు దేశవ్యాప్త చట్టం ఇవాళ్టికీ చేయలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు విద్యా స్థాయీ సంఘం కూడా ఆ చట్టం చేయమని సిఫారసు చేసింది. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం.

తెలంగాణ 2018లో తెచ్చిన ప్రైవేటు యూనివర్సిటీల చట్టంలో స్థానికులకు 25 శాతం ఉంది. సామాజిక రిజర్వేషన్ ఏదని విద్యార్థి సంఘాలు అప్పటి నుంచీ కొట్లాడుతూనే ఉన్నాయి. ఇప్పుడు అర్థమైందా? సర్కారు యూనివర్సిటీ కింద అనుబంధ కాలేజీగా ఉన్నంతకాలం సీట్ల మీద కన్వీనర్ చెయ్యి ఉంటుంది, రోస్టర్ ఉంటుంది, అడిగే దిక్కు ఉంటుంది. ప్రైవేటు యూనివర్సిటీ అయ్యాక ఆ గేటు మూసుకుంటుంది. "అకడమిక్ స్వేచ్ఛ" అని వాళ్లు రాసినచోట నేను "రిజర్వేషన్ నుంచి స్వేచ్ఛ" అని చదువుకుంటాను. తప్పయితే, తప్పని రాతపూర్వకంగా చెప్పమనండి.

అవతలివాళ్ల వాదన కూడా వినాలి. హాల్లో ఒక సీనియర్ ప్రొఫెసర్ నాతో మర్యాదగానే అన్నారు. "చట్టం మారింది, మేము మారక తప్పదు. ప్రభుత్వం బకాయిలు ఇవ్వదు, జీతాలు ఎట్లా ఇవ్వాలి? పిల్లల్లో దూరదృష్టి లోపం పెరగడం నిజం కాదా?"

అన్నీ నిజమే. 2021 దాకా ఆప్టోమెట్రీకి దేశంలో చట్టబద్ధమైన కౌన్సిలే లేదు. ఆ ఏడాది వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టాన్ని నేను స్వాగతించాను. 2025లో కొత్త సిలబస్ కూడా వచ్చింది. సిలబస్ మార్చండి. పరికరాలు కొనండి. కానీ కమ్యూనిటీ విభాగాన్ని ప్రచార విభాగం కింద పడేయమని ఏ చట్టం చెప్పింది? బ్రిడ్జి క్లాసులు తీసేయమని ఏ సిలబస్ చెప్పింది? సెల్‌ఫోన్ చూసి చూసి సంపన్నుల పిల్లలకే కళ్లు పోతున్నాయా? గురుకులంలో వెనక బెంచీలో కూర్చుని బోర్డు కనపడక "మొద్దు" అనిపించుకునే పిల్లకు కూడా అదే లోపం ఉంటుంది. ఆ పిల్ల కాలేజీ స్పెషాలిటీ క్లినిక్‌కి రాదు. మీరే ఆ బడికి పోవాలి. పోవాలంటే విభాగం కావాలి.

బకాయిల మాటకొస్తే, ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చే పని నాకు లేదు. ఏ పార్టీ ఉన్నా బకాయి బకాయిగానే ఉంది. యాజమాన్యాలు కాలేజీలు బంద్ పెట్టేదాకా పోయింది. కానీ సర్కారు మీద కోపం తీర్చుకునేది ఎవరి మీద? సర్టిఫికెట్లు ఆపేది ఎవరివి? సర్కారు ఇవ్వాల్సిన డబ్బుకు మన పిల్లల్ని తాకట్టు పెట్టుకుని, చివరికి "వీళ్ల మీద ఆధారపడటమే బలహీనత" అని రాసుకున్నారు. విద్యార్థులతో కలిసి సచివాలయం ముందు కూర్చుందాం రండి, మేము ముందు వరసలో ఉంటాం.

1882లో జోతిబా ఫూలే హంటర్ కమిషన్ ముందు ఇదే సంగతి చెప్పాడు. పన్ను కట్టేది కష్టం చేసే జనం, ఆ డబ్బుతో పైచదువులు పైవాళ్లకు, పైన పోస్తే కిందికి కారుతుందన్న మాట వట్టిది అని. 1882లో బ్రిటిష్ వాళ్ల ప్లాన్. 2030కి మావాళ్ల ప్లాన్. పైన మూడు ఎక్సలెన్స్ సెంటర్లు, కింద ఒక వ్యాన్. కారేది ఏమీ లేదు.

సరే, ఏం చేద్దాం? తిట్టి ఊరుకుంటే వాళ్లకే లాభం. ఇప్పుడున్న విద్యార్థులతో కూర్చుని మేము ఈ కోరికలు రాసుకున్నాం. మీ కాలేజీలో కూడా ఇలాంటి ప్లాన్ నడుస్తుంటే వాడుకోండి.

మొదటిది, ప్లాన్ మొత్తం తెలుగులో, ఇంగ్లీషులో అందరికీ ఇవ్వాలి. అభిప్రాయం చెప్పడానికి నెల రోజుల గడువు కావాలి.

రెండోది, ప్లాన్‌కు ముందు లెక్క. గత ఐదేళ్లలో ఎంతమంది ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలు చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎవరికి ఏ ఇంటర్న్‌షిప్ పోస్టింగ్ దొరికింది, బోధనా సిబ్బందిలో ఎవరెంతమంది. ఈ లెక్క లేని ప్లాన్ ప్లాన్ కాదు.

మూడోది, కమ్యూనిటీ, లో విజన్ విభాగాలు సొంత అధ్యాపకులతో, సొంత బడ్జెట్‌తో ఉండాలి. క్యాంపు డ్యూటీ ప్రతి విద్యార్థికీ సమానంగా, స్పెషాలిటీ క్లినిక్ ప్రతి విద్యార్థికీ సమానంగా. రెండు ట్రాకులు వద్దు. వ్యాన్‌లో అందరూ ఎక్కాలి.

నాలుగోది, బ్రిడ్జి క్లాసులు రెగ్యులర్ అధ్యాపకులే తీసుకోవాలి. కాంతిశాస్త్రం తెలుగులో అర్థమైనవాడికి ఇంగ్లీషులో రాయడం ఆరు నెలల పని. నేనే సాక్ష్యం.

ఐదోది, ప్రణాళికా కమిటీలో విద్యార్థులు ఎన్నుకున్న ప్రతినిధులు, బోధనేతర సిబ్బంది, విజన్ సెంటర్లకు వచ్చే ఊళ్ల మనుషులు ఉండాలి.

ఆరోది, యూనివర్సిటీగా మారేటట్టయితే, చట్టం వచ్చేదాకా ఆగకుండా రిజర్వేషన్‌ను తమ నిబంధనల్లో ముందే రాయాలి.

ఏడోది, యూజీసీ 2012 నిబంధనల్లో చెప్పిన సమాన అవకాశాల సెల్ కాగితం మీద కాకుండా నిజంగా పనిచేయాలి. రోహిత్ వేముల పోయింది 2016లో, ఆ నిబంధనలు వచ్చాకే. కాగితం ఏ పిల్లవాడినీ కాపాడదు.

"ప్రైవేటు కాలేజీ కదా అన్నా, సమాచారం ఎట్లా అడుగుతాం?" అంటారు. సమాచార హక్కు చట్టం 2(ఎఫ్) చదవండి. ప్రభుత్వ సంస్థ మరో చట్టం కింద ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగల సమాచారం కూడా సమాచారమే. కాబట్టి దరఖాస్తు కాలేజీకి కాదు, దాన్ని గుర్తించిన యూనివర్సిటీకి పెట్టండి. అడ్మిషన్ల జాబితా, తనిఖీ నివేదిక, సిబ్బంది వివరాలు అడగండి. పది రూపాయల పని. ఒక్కరు కాదు, పది మంది పెట్టండి.

మీటింగ్‌లో నేను లేచి బలహీనతల గడి గురించి అడిగినప్పుడు, "పాజిటివ్‌గా మాట్లాడుకుందాం, టైమ్ తక్కువ ఉంది" అన్నారు. భోజనానికి పిలిచారు. బయటికొస్తుంటే ఫైళ్లు పంచిన చెల్లె ఒకామె మెట్ల దగ్గర ఆపింది. తండా నుంచి వచ్చిందట, రెండో సంవత్సరం. "అన్నా, ఆ తెర మీద రాసింది మా గురించే కదా?" అంది. అవునన్నాను. "మేము చేరినప్పుడు మమ్మల్ని చూపించే ప్రభుత్వం దగ్గర సీట్లు పెంచుకున్నారన్నా" అంది. ఈ ఒక్క వాక్యం ఆ పుస్తకం రాసిన కన్సల్టెంట్‌కు తట్టలేదు.

మా వాడలో కళ్లజోడు పెట్టుకున్న మొదటి మనిషి బాబాసాహెబ్ విగ్రహం. ఆయనకు షుగర్ ఉండేది, చివరి ఏళ్లలో చూపు బాగా తగ్గింది. అయినా చదవడం, రాయడం ఆపలేదు. చిన్నప్పుడు ఆ అద్దాలు గొప్పవాళ్లకే ఉంటాయనుకునేవాణ్ని. తర్వాత అమ్మకు అద్దాలు పెట్టాను. ఇప్పుడా చెల్లె ఇంకో అమ్మకు పెట్టాలి. ఆమె సీటు తీసేస్తే పోయేది ఒక్క డిగ్రీ కాదు, ఆమె ముట్టుకుని చూడబోయే వేలమంది కళ్లు.

వచ్చే మీటింగ్‌కు మమ్మల్ని పిలవకపోవచ్చు. పిలవకపోయినా పోతాం, లెక్కలు పట్టుకుని పోతాం. ఆ కాలేజీలో చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు మీ పోస్టింగ్ వివరాలు నాకు విడిగా పంపండి. పేర్లు బయటికి రావు.

తర్వాతి భాగంలో విజన్ సెంటర్లలో పనిచేసే మన ఆడపిల్లల జీతాల గురించి రాస్తాను.

జై భీమ్. జై ఫూలే.